సంతకం లేని రసీదు

మా మామయ్య ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేశాడు. ఇంటింటికీ తిరిగి పంచే పని కాదు, లోపలి గదిలో నిలబడి చేసే పని. ఎదురుగా గోడంత చెక్క అర, అందులో నూట ఇరవై గళ్ళు, గడికో పేట. ఎడమచేతిలో కవర్ల కట్ట పట్టుకుని కుడిచేత్తో ఒక్కొక్కటీ దాని గడిలోకి విసరాలి. రిటైరై ఆరేళ్ళయినా, చేతికి కరెంటు బిల్లు ఇచ్చినా సరే, ముందు ఆయన బొటనవేలు దాని అంచు మీద ఒకసారి ఆడుతుంది.

ఆ గదిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, కార్డు ఎవరిదైనా చిరునామా ఉన్న వైపే చూడాలి. రాత కనబడితే చూడనట్టు తిప్పెయ్యాలి. రెండోది, ఏ గడిలోనైనా ఉత్తరం మిగిలి ఉండగా గదికి తాళం పడకూడదు. మిగతావాళ్ళు ఉద్యోగంతో పాటు వాటినీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు. మా మామయ్య వెంట తెచ్చుకున్నాడు.

ఈ మనిషి ఎంత మొండివాడో చెప్పాలంటే ఆయన పెళ్ళి సంగతి ఒక్కటి చాలు. సంబంధం ఖాయమని అత్తయ్య వాళ్ళ నాన్న రాసిన కార్డు ఆయన చేతిలోంచే వెళ్ళింది. రాసినవారి ఊరి ముద్ర కనబడుతూనే ఉంది, చిరునామా తన ఇంటిదే. అయినా వెనక్కి తిప్పి చూడలేదు. తీసుకెళ్ళి తన పేట గడిలో వేశాడు. మర్నాడు మధ్యాహ్నం మా తాతయ్య చదివి చెప్పేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళయినా అత్తయ్య ఇంకా దెప్పుతుంది, ఈయనకి నాకంటే ఆ గళ్ళే ఎక్కువని.

అలాంటివాడికి రిటైరైన రోజున అల్లుడు ఒక ట్యాబ్ తెచ్చిచ్చాడు. అట్ట విప్పి, తనే అన్నీ కలిపి, తనే ఈమెయిల్ తెరిచిపెట్టి, ఇక్కడ నొక్కండి మామయ్యగారూ, అక్కడ నొక్కండి అని గంటసేపు నేర్పించాడు. ఎంత ఓపికో అని మేమంతా మెచ్చుకున్నాం.

మొదట్లో రోజుకి రెండు మూడు వచ్చేవి. మామయ్య ఉదయం ఆరింటికి మొహం కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, బల్ల ముందు కూర్చుని ప్రతిదీ తెరిచేవాడు. చెప్పులు, పరుపులు, మోకాళ్ళ నొప్పికి పట్టీలు, ఏదైనా సరే, చివరి అక్షరం దాకా చదివేవాడు. అక్కర్లేనివాటికి జవాబు కూడా రాసేవాడు. "అయ్యా, తమరు పంపిన పరుపుల వివరాలు అందినవి. ప్రస్తుతం మా ఇంట పరుపులు ఉన్నవి. అవసరమున్న వారికి పంపగలరు." మర్యాదగా వద్దన్న కొద్దీ అవి పెరిగాయి. ఏడాది తిరిగేసరికి రోజుకి డెబ్భై. ఆరింటికి కూర్చున్న మనిషి ఎనిమిదింటికి కూడా లేవకపోతే, కాఫీ చల్లారిపోయి అత్తయ్య సణుక్కునేది.

నాకు నవ్వొచ్చేది. నవ్వే అర్హత నాకు లేదు. దుకాణాల తరఫున ఆ ఉత్తరాలు పంపే కంపెనీలోనే నా ఉద్యోగం. ఒక్క మీట నొక్కితే మూడు లక్షల మందికి వెళ్ళే ఉత్తరాలు. ఒక్కోదానిలో కంటికి కనబడని బొమ్మ ఒకటి పెడతాం, చుక్కంత కూడా ఉండదు. ఉత్తరం తెరవగానే ఆ బొమ్మ మా దగ్గర్నించి దిగుతుంది. అది దిగినప్పుడు ఎవరు తెరిచారు, ఎన్నింటికి తెరిచారు, ఏ ఊళ్ళో కూర్చుని తెరిచారు, అన్నీ మా తెర మీద పడతాయి. తెరిచినవాడి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. నా జీతం ఆ ఆకుపచ్చ గుర్తుల మీద నడుస్తుంది.

ఒకసారి విసుగొచ్చి మామయ్యకి ఇదంతా విప్పి చెప్పాను. రిజిస్టర్ ఉత్తరానికి రసీదు కార్డు తిరిగి వెళ్తుంది కదా, ఇదీ అలాంటిదే, నువ్వు తెరిచినట్టు పంపినవాళ్ళకి తెలుస్తుంది అన్నాను.

"నేను సంతకం పెట్టలేదే" అన్నాడు.

పెట్టక్కర్లేదన్నాను. మీ ఆఫీసులో అందరూ చదువుకున్నవాళ్ళేనా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. చదవకుండా అన్నీ ఒకేసారి చెరిపేస్తాను, ట్యాబ్ ఇలా ఇవ్వు అన్నాను. తన పేరు మీద వచ్చినదాన్ని తెరవకుండా పారేసే అలవాటు తనకి లేదని తేల్చేశాడు. నీ ఇష్టం, చావు అని మనసులో అనుకుని వచ్చేశాను. నాకు ఓపిక తక్కువ. ఆ రోజు ఇంకో అరగంట ఓపిక పట్టి ఉంటే బావుండేదని ఇప్పటికి వందసార్లు అనుకుని ఉంటాను.

ఇక వదిన సంగతి చెప్పాలి. వదినంటే మామయ్య ఒక్కగానొక్క కూతురు. ట్యాబ్ తెచ్చిన ఆ ఓపికమంతుడి భార్య. ఆయన గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. తలుపు మూసే ముందు భార్య చెయ్యి తలుపు సందులో ఉందో లేదో చూసుకుని మరీ మూసే మనిషి. ఉంటేనే మూస్తాడు. వదిన ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ ముడవదు. రెండేళ్ళ కిందట కూతుర్ని తీసుకుని, కట్టుబట్టలతో పుట్టింటికి వచ్చేసింది. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలవడం ఆ రోజే మానేశాను. దగ్గరికి రాకూడదని కోర్టు ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితం ఆయన్ని ఆపుతుందన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు. అందుకే నెల తిరక్కుండా వదిన వేరే ఊరు వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం మీద రెండు గదులు. ఏడేళ్ళ పిల్ల నడిచి వెళ్ళేంత దూరంలో బడి.

ఆ ఊరి పేరు ముగ్గురికే తెలుసు, మామయ్యకి, అత్తయ్యకి, నాకు. వదిన చిరునామా రాసిచ్చిన చీటీని మామయ్య ఒక్కసారి చదివి పొయ్యి మీద కాల్చేశాడు. నెలకోసారి, మొదటి శనివారం, కూతుర్ని చూడ్డానికి వెళ్ళి, ఆదివారం తిరిగొచ్చేవాడు. నేరుగా వెళ్ళడు. మూడు బస్సులు మారతాడు. టికెట్టు అవతలి ఊరికి కొంటాడు. ముందు స్టాపులోనే దిగి, ఎవరైనా తనతో పాటు దిగారేమో చూసుకుని, మిగతా దారి నడుస్తాడు. అరవై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క చిరునామా బయటపెట్టని నోరు నాది అనేవాడు. ఆయన్ని చూస్తే మాకు గొప్పగా ఉండేది.

మొన్నటి వానాకాలంలో, ఒక మంగళవారం అత్తయ్యకి ఫోనొచ్చింది. అల్లుడు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు, మందులు వేసుకుంటున్నారా అని అడిగాడు. అదే గొంతుతో వదిన ఉన్న ఊరి పేరు చెప్పి, ఈ ఆదివారం ఒకసారి అటు వెళ్ళొద్దామనుకుంటున్నాను అత్తయ్యా అన్నాడు. ఆ పేరు వినబడ్డాక ఆవిడ చెవికి ఇంకేం సరిగ్గా ఎక్కలేదు. ఫోను పెట్టేసి నేరుగా మామయ్య దగ్గరికి వెళ్ళి చెప్పిందట.

అక్కణ్ణించి మామయ్య మనిషి కాదు. ఎవరు చెప్పారు అన్న ఒక్క ప్రశ్నే పట్టుకున్నాడు. వెంటనే వదినకి ఫోన్ చేసి జాగ్రత్త చెప్పాడు. ఆ తర్వాత అత్తయ్య మీద పడ్డాడు. మీ చెల్లెలితో అన్నావా? అనలేదు. మందుల షాపులో? అనలేదు. బాగా గుర్తు చేసుకో. మూడోసారి అడిగేసరికి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, ఇక ఆయనతో మాట్లాడడం మానేసింది. బుధవారం నా ఆఫీసుకి వచ్చాడు. కింద టీ బండి దగ్గర నిలబెట్టి, నువ్వేమైనా నోరు జారావా అమ్మా అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ నా సొంత అమ్మకి కూడా చెప్పలేదు మామయ్యా అని అరిచాను. టీ తాగేవాళ్ళంతా చూశారు. ఆయన తల దించుకుని, మరి ఎవరు అని తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాడో మొదట్నించి ఒక్కో మాటా చెప్పమని కూర్చోబెట్టాను. చాలాసేపు బుర్ర గోక్కుంది. చివరికి గుర్తొచ్చింది.

"ఈ మధ్య నా ఫోన్ తెరిస్తే చాలు, ఆ ఊరి బడులే, ఆ ఊరి చెప్పుల కొట్లే కనబడుతున్నాయి అత్తయ్యా, అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా ఏంటి అన్నాడే. ఏదో పిచ్చి వాగుడు అనుకున్నాను."

ఒకే ఊరి ప్రకటనలు ఊరికే అలా వెంటపడవని నాకు తెలుసు. బల్ల మీదున్న ట్యాబ్ తీసుకున్నాను. ఆయన ఈమెయిల్ ఖాతా ఏ ఏ పరికరాల్లో తెరిచి ఉందో చూశాను. రెండే ఉన్నాయి. ఒకటి ఆ ట్యాబ్. రెండోది అల్లుడి ఫోను. ఖాతా తెరిచిపెట్టిన రోజున తన ఫోన్లోనూ కలుపుకున్నాడు, ఆ తర్వాత తీసెయ్యలేదు. కావాలనే ఉంచాడో, మరిచాడో నాకు తెలీదు. ప్రకటనలు వేసేవాళ్ళ లెక్కలో మాత్రం మామయ్యా అల్లుడూ ఒకే మనిషి. ఒకరు దేన్ని చూస్తే రెండోవారికి దాన్ని చూపిస్తారు.

మామయ్య ఏం చూశాడో కూడా ఆ ట్యాబ్‌లోనే ఉంది. రోజూ పొద్దున్నే ఉత్తరాలు అయ్యాక, కూతురు ఉన్న ఊళ్ళో వాన పడుతుందా లేదా అని చూసేవాడు. పిల్ల నడిచి బడికి వెళ్తుంది కదా. వాన ఎక్కువైతే బడికి సెలవిచ్చారా అని చూసేవాడు. పిల్ల సైజు వానకోటు ఎంతుంటుందో చూసేవాడు. ఒక్కటీ కొనలేదు. కొంటే చిరునామా ఇవ్వాలి కదా, ఆ మాత్రం జాగ్రత్త ఆయనకి తెలుసు.

అది చాలదన్నట్టు, మర్నాడు ఆఫీసులో ఇంకోటి దొరికింది. ఆ వానకోట్ల కొట్టు ఉత్తరాలు పంపేది మేమే. ఆయన ఈమెయిల్ కొట్టి చూశాను. రోజూ ఆరు దాటిన అయిదు నిమిషాలకి, మా ఊరు, ఆకుపచ్చ గుర్తు. రోజూ, రోజూ, రోజూ. గత మూడు నెలల్లో మొదటి శనివారం తర్వాతి ఆదివారాలు మాత్రం, ఆరు దాటిన పది నిమిషాలకి, వదిన ఊరు, ఆకుపచ్చ గుర్తు. మనవరాలు బొమ్మల కథలు చూపించమని అడిగిందని మూడు నెలలుగా ట్యాబ్ వెంట తీసుకెళ్తున్నాడు. తీసుకెళ్ళినవాడు ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఉత్తరం మిగిలి ఉండగా గదికి తాళం పడకూడదు. కూతురు దాక్కున్న ఇంట్లో, ఆ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన డెబ్భై ఉత్తరాలూ ఒకటి తర్వాత ఒకటి తెరిచాడు.

ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాను. మామయ్య మీద కోపంతో, నా మీద కోపంతో, ఎవరి మీద పడాలో తెలియని కోపంతో ఏడ్చాను. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని, అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాస్తున్నాడు. పాలవాడి పేరు కూడా ఉంది.

"తెలిసింది మామయ్యా" అన్నాను.

"ఎవరు?"

"నువ్వే."

నవ్వబోయాడు, నా మొహం చూసి ఆగాడు. అన్నీ చెప్పాను, ఫోను, వాన, వానకోటు, ఆదివారాలు. అంతా అయ్యాక, నేను నోరు మెదపలేదమ్మా అన్నాడు. నోటితో పని లేదు, ఉత్తరం తెరిచావు అన్నాను.

"రసీదు మీద ఊరి ముద్ర కూడా వేస్తారా?"

"వేస్తారు."

"ఎవరు వేసేది?"

మేమే మామయ్యా అన్నాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, అటు తిరిగి కూరలు తరుగుతున్న అత్తయ్యతో, నేనే చెప్పాను అన్నాడు.

ఆవిడ కత్తి కింద పెట్టి, "మూడుసార్లు అడిగారు నన్ను" అంది.

అడిగాను అన్నాడు.

ఆదివారానికి మూడు రోజులే ఉంది. శుక్రవారం నేనొక వ్యాన్ మాట్లాడుకుని వెళ్ళాను. వదిన మంచం, బీరువా అక్కడే వదిలేసింది. పిల్ల బడి సంచి భుజాన తగిలించుకుని, మళ్ళీ కొత్త బడా అని అడిగింది. వదిన పిల్ల చెప్పులు వెతికి సంచిలో వేసింది. రెండేళ్ళుగా ఆ ఊళ్ళో కష్టపడి కట్టుకున్న బతుకు, ఉద్యోగం, పిల్ల స్నేహితులు, అన్నీ ఒక మధ్యాహ్నంలో సర్దేశాం. దారిలో వ్యాన్ ఆపినప్పుడు వదిన నెమ్మదిగా అడిగింది, నాన్నని ఏమీ అనలేదు కదా అని. అనలేదని అబద్ధం చెప్పాను.

అల్లుడు ఆదివారం రానే వచ్చాడట. రెండు రోజులు ఆ వీధుల్లో తిరిగాడట. ఇస్త్రీ దుకాణం ఆవిడకి ఫోటో చూపిస్తే, ఈ పిల్లని నేనెప్పుడూ చూడలేదు బాబూ అని చెప్పి పంపించిందట. ఆ ఇస్త్రీ ఆవిడకి దణ్ణం పెట్టాలి. మూడు లక్షల మంది జాతకాలు మా తెర మీద ఉన్నాయి, అలా చూడలేదని చెప్పే మనిషి మా ఆఫీసులో ఒక్కరు లేరు.

ఆ వారంలోనే మా మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఫలానా మనిషిని జాబితాల్లోంచి పూర్తిగా తీసెయ్యాలని అడిగాను. ఆయన తెర చూసి, రోజూ ప్రతి ఉత్తరం తెరిచే మనిషా, ఇలాంటివాళ్ళు వెతికినా దొరకరు, తీసెయ్యడమేంటి అన్నాడు. గొడవపడి తీయించాను. మా ఒక్క కంపెనీ నుంచి ఆయన పేరు పోయింది. ఇంకా ఎన్ని కంపెనీల దగ్గర ఉందో ఆ పైవాడికి కూడా తెలీదు. కొందరికి రాశాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని అందరూ ఒకే జవాబు పంపారు. వ్యాన్ మాట్లాడుకున్న పాపానికి నెల రోజులు నా ఫోన్లో, ఇల్లు మారుతున్నారా అని ప్రకటన. చూసినప్పుడల్లా ఫోన్ గోడకేసి కొట్టాలనిపించేది. నేను ఉద్యోగం మానెయ్యలేదు. ఇంటి అద్దె కట్టాలి. అది గొప్ప పని కాదని నాకూ తెలుసు.

మామయ్య ట్యాబ్ పగలగొట్టలేదు. అందులో ఉన్నదంతా నా చేత తుడిపించి, గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, దారంతో కట్టి అల్లుడికి రిజిస్టర్ పార్శిల్ పంపాడు. ఆ మనిషిని రెచ్చగొట్టడం ఎందుకని నేను తిట్టాను. వారానికి రసీదు తిరిగొచ్చింది. దాన్ని నా ముందు పెట్టి, సంతకం మీద బొటనవేలు పెట్టి చూపించాడు. రసీదంటే ఇదీ అన్నాడు.

వదిన కొత్త ఊళ్ళో కుదురుకున్నాక, చిరునామా చెబుదామని వెళ్ళాను. మొదలుపెట్టేలోపే చెయ్యెత్తి ఆపాడు.

"నాకొద్దమ్మా. నీ దగ్గరే ఉంచు."

బతిమాలాను. పోట్లాడాను. ఇప్పుడు ట్యాబ్ లేదు, ఫోన్ కూడా పాత బటన్ల ఫోనే, ఇంకేం భయం అన్నాను. వినలేదు. అత్తయ్యకి చెప్పమన్నాడు. మొదటి శనివారాలు ఇప్పుడు ఆవిడ ఒక్కతే బస్సెక్కుతుంది. ఈయన స్టాపు దాకా వెళ్ళి, బస్సు మీద ఊరి పేరు కనబడకుండా అటు తిరిగి నిలబడి, అది కదిలాక ఇంటికొస్తాడు.

పోయిన వారం నేను వెళ్ళేసరికి బల్ల మీద ఒక కార్డు ఉంది. ఎడమవైపు నిండా రాశాడు. కుడివైపు వదిన పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలేశాడు. కలం నా చేతికిచ్చాడు. రాత ఉన్న వైపు చదవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నాలుగు గీతల మీద చిరునామా రాశాను. నూట ఇరవై గళ్ళ చిరునామాలు నోటికొచ్చిన మనిషి, నేను రాస్తున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అయిందా?" అని అడిగాడు.

అయిందన్నాను. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, అలాగే బోర్లా నీ సంచిలో పెట్టుకో, దారిలో డబ్బాలో వెయ్యి అన్నాడు.